గుబిలి బయటికొచ్చే దారికి అడ్డం పోవద్దు

(ప్రపంచ వినికిడి దినం నాడు అనంతపురంలోని ఒక కాలనీలో జరిగిన పెద్దల సమావేశంలో, ఈఎన్‌టీ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక నర్సు మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న పెద్దలు కొంచెం ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మాట్లాడేది చెవుల గురించి కాబట్టి మీకు వినపడకపోతే నేను వచ్చి ఏం లాభం? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, రొద ఎక్కువైంది. మార్చి మొదలయ్యేసరికే మన ఊర్లో ఎండ ఇట్లా ఉంది, ఏం చేస్తాం.

మార్చి 3 కదా, వినికిడి గురించి ఏదైనా చెప్పమన్నారు. మిషన్ల గురించి చెప్పొచ్చు, నరాల గురించి చెప్పొచ్చు. నేను మాత్రం గుబిలి గురించి చెబుదామని వచ్చాను. కొందరు గులిమి అంటారు, ఆసుపత్రిలో వ్యాక్స్ అంటారు, ఏదైనా ఒకటే. ఇంత చిన్న విషయానికి ఒక మీటింగా అనుకునేవాళ్ళు ఉంటారు. మా నాయన సంగతి ముందు చెబుతాను, అది విన్నాక చిన్నదో పెద్దదో మీరే అనుకోండి.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు డెబ్బై నాలుగేళ్ళప్పుడు, నేను ఇక్కడ ఈఎన్‌టీ ఓపీలో పనిచేస్తుండగా, ఆయనకు మెల్లమెల్లగా వినపడటం తగ్గింది. ఫోన్ చేస్తే "ఆ... ఆ..." అని రెండు మాటలని మా అమ్మకు ఇచ్చేసేవాడు. ఇంట్లో టీవీ సౌండు పెంచినారు, తర్వాత ఆయనతో అరిచి మాట్లాడటం అలవాటైంది, ఆ తర్వాత అరవడం కూడా విసుగొచ్చి ఆయనకు ఏమీ చెప్పకుండానే పనులు జరిగిపోయేవి. రచ్చకట్ట దగ్గరికి పోవడం మానేశాడు. మతి తగ్గుతోందేమో అని మా తమ్ముడు ఒకరోజు నాతో అంటే, వయసు కదా అని నేనూ ఊరుకున్నాను. రోజూ వందమంది చెవులు చూసే చోట పనిచేస్తూ, మా నాయన చెవిలోకి ఒక్కసారి టార్చి వేసి చూడాలని నాకు తట్టలేదు. ఏడాది పైన పోయింది అట్లా.

తర్వాత ఒక పెళ్ళికి ఊరికి పోయినప్పుడు, అరుగు మీద కూర్చొని ఆయన కోడి ఈకతో చెవి తిప్పుకుంటా ఉంటే చూశాను. పోయి లైటేసి చూస్తే రెండు చెవుల్లోనూ నల్లగా, తారు ముద్ద అడ్డం పెట్టినట్టు ఉంది. ఇక్కడికి తీసుకొచ్చి ఐదు రోజులు చుక్కలు వేశాను, ఆరో రోజు డాక్టరు గారు సక్షన్‌తో, అంటే పీల్చే గొట్టంతో తీశారు. పావుగంట పని. బయటికొచ్చి వరండాలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఏమైంది నాయనా అంటే, "నా చెప్పుల చప్పుడు నాకు ఇనపడుతోందమ్మా" అన్నాడు. ఏడాది పాటు ఆ మనిషిని మేము ముసలితనం పేరుతో ఒక మూల కూర్చోబెట్టాం, అడ్డం ఉండిందేమో చిటికెడు గుబిలి.

అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. అమెరికాలోని ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, గుబిలి గట్టిపడి అడ్డం పడటం పిల్లల్లో పదిమందిలో ఒకరికి, పెద్దవాళ్ళలో ఇరవైమందిలో ఒకరికి ఉంటుందని, ముసలివాళ్ళలో మాత్రం మూడో వంతు కంటే ఎక్కువమందికి ఉంటుందని రాశారు. అవి వాళ్ళ దేశం లెక్కలే అనుకోండి. ఓపీలో నేను చూసినంత వరకు ఇక్కడి పెద్దవాళ్ళ పరిస్థితీ అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు.

ఇప్పుడు అసలు గుబిలి అంటే ఏమిటో చూద్దాం. చాలామంది అది మురికి అనుకుంటారు, అక్కడే తప్పు మొదలవుతుంది. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే గొట్టం పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం. నేరుగా ఉండదు, కొంచెం మెలి తిరిగి ఉంటుంది. అందులో బయటివైపు మూడో వంతులోనే గుబిలి తయారవుతుంది, అక్కడే వెంట్రుకలూ, గ్రంథులూ ఉంటాయి. లోపలి రెండు వంతుల్లో ఎముక మీద పల్చటి చర్మం మాత్రమే ఉంటుంది, అక్కడ గుబిలి పుట్టదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా కర్ణభేరి దగ్గర గుబిలి కనిపించిందంటే అది అక్కడ పుట్టింది కాదు, చాలావరకు ఎవరో ఏదో పుల్లతో లోపలికి తోసిందే.

గ్రంథుల్లోంచి వచ్చే జిడ్డు, రాలిపోయిన చర్మం పొట్టు, బయటి దుమ్ము కలిస్తే గుబిలి. అది నీటిని లోపలి చర్మానికి తగలనివ్వదు, కొంచెం పులుపు గుణం ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియాను, బూజును పెరగనివ్వదు. చెనిక్కాయ కళ్ళంలో పనిచేసేవాళ్ళకు, తాడిపత్రి వైపు బండలు కోసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు ఆ దుమ్మంతా కర్ణభేరి దాకా పోకుండా ఆపేది ఈ జిడ్డే. కొందరికి పొడిగా పొట్టులా వస్తుంది, కొందరికి తేనె రంగులో మెత్తగా వస్తుంది, అది పుట్టుకతో వచ్చే జన్యువును బట్టి ఉంటుంది, శుభ్రానికి సంబంధం లేదు.

ఇంకొక ఆశ్చర్యం చెప్పాలి. చెవి లోపలి చర్మం నడుస్తుంది. కర్ణభేరి మధ్యలో మొదలై, దాదాపు గోరు పెరిగినంత మెల్లగా, బయటివైపు జరుగుతూ వస్తుంది, వచ్చేటప్పుడు గుబిలిని మోసుకొస్తుంది. మనం నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదులుతుంది కదా, అది కూడా సాయం చేస్తుంది. అంటే చెవికి ఊడ్చుకునే పని ముందే తెలుసు. రోజూ అది వాకిట్లోకి తెచ్చి పెట్టిన చెత్తను మనం పుల్ల పట్టుకొని మళ్ళీ నట్టింట్లోకి తోస్తున్నాం.

ఇయర్ బడ్స్ సంగతి ఇదే. పుల్ల చివర దూదికి కొంచెం గుబిలి అంటుకొని వస్తే చెవి శుభ్రమైందని సంతోషపడతాం. వచ్చింది కొంచెం, లోపలికి పోయింది ఎక్కువ. ఏళ్ళ తరబడి అట్లా చేస్తే, ఫిరంగిలో మందు కూరినట్టు కూరుకుపోతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం, పెన్ను రీఫిల్, జడ పిన్ను, మా నాయన కోడి ఈక, అన్నీ నేను చూశాను. కర్ణభేరి మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, అంతే. ఒకావిడ మంచం మీద కూర్చొని చెవిలో బడ్డు పెట్టుకొని ఉండగా చిన్న పిల్లవాడు ప్రేమగా పరిగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నాడు, మోచేయి తగిలి పుల్ల లోపలికి దిగింది. రక్తం, తల తిరుగుడు, వాంతులు. ఆ పిల్లవాడు ఓపీలో తల్లి పక్కన నిలబడి ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నాను, దూదిపుల్లలు కొనడమే మానేయండి, ఇంట్లో ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది.

ఆన్‌లైన్‌లో ఇప్పుడు కెమెరా ఉన్న చెవి పుల్లలు వస్తున్నాయి, ఫోన్‌లో చూసుకుంటూ తీసుకోవడం. ఫోన్‌లో కనిపించే బొమ్మలో లోతు తెలియదమ్మా. ఇంకా దగ్గర అనుకుంటాం, అప్పటికే తగిలి ఉంటుంది. చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగించడం ఇంకొకటి, అది గుబిలిని పీల్చదు, గొట్టంలో మిగిలేది కాలిన మైనమే. దాంతో కాలిన గాయాలు అవుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. జాతరల్లో, బస్టాండ్ల దగ్గర చెవులు తీసేవాళ్ళు కూర్చుంటారు, బతుకుదెరువు కోసం చేసే పని, వాళ్ళను నేను తప్పుపట్టను, కానీ అదే సలాక ఒకరి చెవిలోంచి ఇంకొకరి చెవిలోకి పోతుంది, వద్దు.

(సభలోంచి ఒక పెద్దాయన: "తలంటుకున్న రోజే చెవి మూసుకుపోతాదమ్మా, అదేంది?")

మంచి మాట అడిగినారన్నా. గుబిలి ముందు నుంచీ ఉంటుంది, కానీ పక్కన సన్నటి సందు ఉన్నంత వరకు శబ్దం లోపలికి పోతూనే ఉంటుంది, మనకు తేడా తెలియదు. తలంటుకున్నప్పుడు నీళ్ళు పోతే గుబిలి ఉబ్బి ఆ సందు మూసుకుంటుంది. అంతే, ఒక్కసారిగా బిరడా బిగించినట్టు అవుతుంది. అప్పుడు కంగారుపడి పుల్ల పెడితే ఇంకా బిగుసుకుంటుంది. టెన్షన్ పడకండి. దాన్ని మెత్తపరచాలి, అంతే.

ఆ మెత్తపరచడం ఎట్లాగో చెబుతాను. అంతకంటే ముందు ఒక ప్రశ్న, ఇది దాటకుండా ఎవరూ చుక్కలు వేసుకోవద్దు: చిన్నప్పుడుగానీ ఇప్పుడుగానీ ఆ చెవి చీము కారిందా? మన పల్లెల్లో చెవి కారడం చాలామందికి ఉంటుంది, జలుబు చేసినప్పుడల్లా కారి, ఆగి, మళ్ళీ కారి. అట్లాంటి వాళ్ళకు కర్ణభేరిలో రంధ్రం ఉండొచ్చు. చెవి ఆపరేషన్ అయినవాళ్ళు, చెవిలో నొప్పి ఉన్నవాళ్ళు, రక్తమో చీమో వస్తున్నవాళ్ళు, ఒకే చెవి పనిచేస్తున్నవాళ్ళు కూడా ఇంట్లో ఏమీ వేయొద్దు, నీళ్ళు కూడా వద్దు. నేరుగా డాక్టరు దగ్గరికి పోండి.

ఇవేవీ లేనివాళ్ళు మెడికల్ షాపులో గుబిలి కరిగించే చుక్కలు అడిగి తీసుకోవచ్చు. సోడియం బైకార్బొనేట్ చుక్కలు ఉంటాయి, నూనె రకం ఉంటాయి, ఇంకా వేరేవి ఉంటాయి. ఏది గొప్ప అని అడుగుతారు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2018లో వీటి మీద వచ్చినవన్నీ చూసి, ఐదు రోజులు ఏదో ఒకటి వేసుకుంటే ఏమీ వేయకపోవడం కంటే నయం కావచ్చు గానీ, ఒకటి ఇంకొకదాని కంటే మేలని చెప్పలేమని అన్నారు. కాబట్టి ఖరీదైనదే కావాలని పట్టుబట్టకండి.

వేసే పద్ధతి ముఖ్యం. సీసాను రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి, ఒంటి వేడి వస్తే చాలు. పొయ్యి మీద పెట్టొద్దు, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేయొద్దు. ఎందుకంటే చెవిలోకి చల్లటిదో వేడిదో పోతే లోపలి బ్యాలెన్స్ గొట్టాల్లో ద్రవం కదిలి తల గిర్రున తిరుగుతుంది. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే డాక్టరు రోగుల చెవులు కడిగేటప్పుడు ఇదే గమనించాడు, నీళ్ళు చల్లగా ఉంటే ఒకవైపు, వేడిగా ఉంటే ఇంకోవైపు తిరుగుతున్నట్టు ఉందని వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ దారినే పోయి లోచెవి ఎట్లా పనిచేస్తుందో తేల్చినందుకు ఆయనకు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. మనకు దాంట్లోంచి కావాల్సింది ఒకటే, మందు గోరువెచ్చగా, ఒంటి వేడితో ఉండాలి.

మూసుకున్న చెవి పైకి ఉండేట్టు పక్కకు పడుకోండి. పెద్దవాళ్ళకైతే చెవిని పైకీ వెనక్కీ లాగాలి, చిన్నపిల్లలకైతే కిందికీ వెనక్కీ, అప్పుడు ఆ మెలి సాఫై చుక్క లోపలికి జారుతుంది. మూడు నుంచి ఐదు చుక్కలు. చెవి ముందరుండే చిన్న బుడిపెను వేలితో నాలుగైదుసార్లు నొక్కండి. ఐదు పది నిమిషాలు అట్లే పడుకోండి, ఒక పాట వినండి, లేస్తే బయటికి కారింది గుడ్డతో తుడవండి. రోజుకు రెండుసార్లు, మూడు నుంచి ఐదు రోజులు, సీసా మీద ఏముందో అది చదివి దాని ప్రకారం. దూది కూరి మూసేయొద్దు, మందంతా దూదే తాగుతుంది.

ఇక్కడ చాలామంది భయపడి ఆపేస్తారు: మొదటి రోజో రెండో రోజో వినికిడి ఇంకా తగ్గినట్టు ఉంటుంది. గుబిలి మందు పీల్చుకొని ఉబ్బింది కాబట్టి. ఓపిక పట్టండి. కొందరికి దానంతట అదే కొంచెం కొంచెం కారిపోతుంది, కొందరికి మెత్తబడి కూర్చుంటుంది, అప్పుడు ఆసుపత్రికి పోతే తీయడం సులువు, నొప్పి ఉండదు. మెత్తబడింది కదా అని మళ్ళీ పుల్ల పట్టుకుంటే మొదటికొస్తుంది కథ.

రబ్బరు బుడ్డితో గోరువెచ్చని నీళ్ళు కొట్టుకోవచ్చా అంటే, బయటి దేశాల్లో కొందరికి చేసుకోమంటారు. ఇందాక చెప్పిన ఇబ్బందులేవీ లేకుండా, చుక్కలతో బాగా మెత్తబడ్డాక, మెల్లగా అయితే చేసుకోవచ్చు. నా మటుకు నేను మీకు చేసుకోమని చెప్పను, ఎందుకంటే లోపల రంధ్రం ఉందో లేదో మనలో చాలామందికి తెలియదు. ఇంజక్షన్ సిరంజితో జోరుగా కొట్టడం మాత్రం ఎవరికీ వద్దు. మా కాలంలో ఆసుపత్రిలో పెద్ద ఇత్తడి సిరంజి ఉండేది, ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ రకం చేతి సిరంజి వాడొద్దనే డాక్టర్లకు చెబుతున్నారు.

(ఒక మహిళ: "మరి చెవిలో నూనె పోసేది మన పాత అలవాటే కదా సిస్టర్?")

అవునక్కా, ఆదివారం తలంటు, తలకు ఆముదం, చెవిలో రెండు చుక్కలు. నూనె గుబిలిని మెత్తపరుస్తుందన్నది అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో అమ్మే ఒక గుబిలి మందులో సగానికి పైగా ఉండేది మన చెనిక్కాయ నూనే. కానీ అది శుద్ధి చేసి మందుగా తయారుచేసింది. మనమేం చేస్తామంటే వంటగదిలో బాణలి పక్కనుండే నూనెలో వెల్లుల్లి వేసి కాచి, చల్లారిందో లేదో చూడకుండా పోస్తాం. చెవి లోపల కాలిన పిల్లల్ని చూశాను నేను. ఇంకొకటి, చెవిలో ముందే బూజు పట్టి దురదగా ఉంటే, గుబిలి అనుకొని వారం వారం నూనె పోస్తే ఆ బూజు ఇంకా పెరుగుతుంది. చెనిక్కాయ పడనివాళ్ళకు ఆ నూనె ఉన్న మందు అసలు పనికిరాదు. నొప్పికి నూనె వద్దు, చీముకు నూనె వద్దు. చెవిలో పురుగు దూరి గీకుతూ ఉంటే మాత్రం, రంధ్రం లేని చెవిలో కాచని నూనె నాలుగు చుక్కలు వేస్తే అది చచ్చి మనిషికి ఊపిరి ఆడుతుంది, తర్వాత డాక్టరు దగ్గర తీయించుకోవచ్చు. పిల్లలు శనగబ్యాళ్ళో చింతపిక్కో పెట్టుకుంటే నీళ్ళు పోయకండి, ఉబ్బి బిగుసుకుంటుంది. వాచీ బ్యాటరీ అయితే ఒక్క గంట కూడా ఆగొద్దు, లోపల కాలిపోతుంది.

షుగరు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూడండి, సగం మంది. మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. గోరుతోనో పుల్లతోనో గీరితే మీకు చెవి లోపల పట్టే ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోగలదు. రాత్రిళ్ళు నిద్రపట్టనంత నొప్పి, కొంచెం చీము, ఇంతే కనిపిస్తుంది పైకి. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. షుగరు ఉండి చెవి నొప్పి వస్తే ఇంటి వైద్యం ఒక్కరోజు కూడా వద్దు.

ఇంకొక మాట, ఇది అన్నింటికంటే ముఖ్యం. పొద్దున లేచేసరికి ఒక చెవి ఒక్కసారిగా వినపడలేదు అనుకోండి, అందరూ గుబిలి అనుకొని వారం పాటు చుక్కలు వేసుకుంటారు. అది నరం దెబ్బతిని కూడా కావచ్చు, దానికి మందు మొదటి రోజుల్లోనే పడాలి, రెండు మూడు వారాలు దాటితే ఉపయోగం బాగా తగ్గిపోతుంది. ఇంట్లో చూసుకోవడానికి ఒక గుర్తు ఉంది: నోరు మూసుకొని "మ్మ్మ్..." అనండి. అందరూ ఒకసారి అనండి. మూసుకున్న చెవిలోనే ఆ మోత గట్టిగా వినిపిస్తే గుబిలిలాంటి అడ్డం అయ్యుండొచ్చు. బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తే నరం సంగతి కావచ్చు, ఆరోజే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇది పూర్తి పరీక్ష కాదు, అనుమానం వస్తే ఏది వినిపించినా పోండి. మన సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంది, చీటీ రాయించుకుంటే చూస్తారు.

వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్ళు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మిషన్ కుయ్యిమంటోందంటే, మాట సరిగా రావట్లేదంటే, బ్యాటరీ మార్చే ముందు చెవి చూపించుకోండి. గుబిలి బయటికొచ్చే దారిలోనే మిషన్ కూర్చుంటుంది కాబట్టి మీకు అది త్వరగా పేరుకుంటుంది. రాత్రి తీసినప్పుడు పొడి గుడ్డతో తుడిచి, దాంతో ఇచ్చిన చిన్న బ్రష్‌తో రంధ్రం దులపండి. ఆరు నెలలకోసారి చెవి చూపించుకుంటే మంచిది.

మామూలు రోజుల్లో ఏం చేయాలంటే, ఏమీ చేయనక్కర్లేదు. స్నానమయ్యాక తువ్వాలు అంచు వేలికి చుట్టుకొని బయట కనిపించేంత వరకు తుడుచుకుంటే అయిపోయింది. వేలు ఎంత దూరం పోతే అంతే, తువ్వాలును పురి తిప్పి లోపలికి దూర్చడం కాదు.

సరే, టైమైంది. టార్చి తెచ్చాను, కావాల్సినవాళ్ళు ఒక్కొక్కరే రండి. తీయను, చూసి చెబుతాను అంతే. పెద్దమ్మా, మీరు ఇందాకటి నుంచి నా మాట వినడానికి ఎడమవైపే తిరుగుతున్నారు, ఇటు కూర్చోండి, ఆ కుడి చెవి ఒకసారి వెలుతురుకు పెట్టండి.